ఖాళీ గడిలో ఆబాద్

మే 4, సోమవారం

డైరెక్టర్ గారు పిలిచి ఒక ఫైలు చేతిలో పెట్టారు. పలచటి ఫైలే. రైలు పట్టాల అవతల ఉన్న ఆబాద్ గురించి మా మ్యాపులాఫీసు పేర్ల విభాగం అభిప్రాయం కావాలట. "మీకిది మంచినీళ్ళు తాగినంత సులువు కదండీ" అన్నారు. నవ్వాను. నవ్వు సరిగ్గా వచ్చిందో లేదో.

వరసగా రాసుకుంటే మనసు కుదురుగా ఉంటుందని రాస్తున్నాను. అక్కడ గిడ్డంగులు కట్టాలని ఒక కంపెనీ అడుగుతోంది. అక్కడ నూట పన్నెండు ఇళ్ళున్నాయి. ముప్ఫై రెండేళ్ళ కిందటి మా ఆఫీసు మ్యాపులో ఆ చోటు ఊరని ఉంటే, దాన్ని కదిలించడానికి వీల్లేదు. లేదంటే ఆక్రమణ కింద లెక్క, పదిహేను రోజుల్లో బుల్డోజర్లు. మ్యాపులో ఊరుంది. చుక్క ఉంది, పక్కన పేరుంది. గిడ్డంగుల వాళ్ళ లాయరుకి ఆ చుక్క మీద నమ్మకం లేదు. అందుకని ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చింది, చివర ఆబాద్ ఎందుకుంది, ఎంత పాతది, ఇదంతా నేను రాసివ్వాలి. విచారణ 20న.

ఒక్క పూట పని. చేతులెందుకు చెమటలు పట్టాయంటే, పొద్దున బీపీ మాత్ర వేసుకోలేదు. అంతే.

మే 5

ఫైలు తెరవలేదు. వేరే పనులున్నాయి.

మే 6, బుధవారం

మొదలుపెట్టాను. ఆబాద్ నాకిష్టమైన మాట, ఏం చేయను. పారశీక దేశంలో బయల్దేరి ఎన్ని దేశాలు తిరిగిందో. ఎడారుల్లో ఉంది, కొండల మీద ఉంది, సముద్రం పక్కనా ఉంది. దానికి భేషజం లేదు, దేనికైనా అతుక్కుంటుంది. రాజు పేరుకి, రాణి పేరుకి, సేనాపతి పేరుకి, ఆఖరికి విజయం, సంతోషం లాంటి మాటలకి కూడా. ముందు ఏదున్నా సరే, వెనక ఆబాద్ తగిలిస్తే ఊరైపోతుంది. జనం కాపురమున్న చోటు, సాగులో ఉన్న చోటు అని అర్థం.

ఆబ్ అంటే నీళ్ళు, కాబట్టి ఆబాద్ అంటే నీళ్ళున్న చోటు అని చాలామంది అనుకుంటారు. మా ఆఫీసు పాత కరదీపికలోనూ అలాగే రాసి ఉండేది. అది తప్పు. ఆ మాట మూలం వేరే. కాపాడబడినది, ఒకరి సంరక్షణలో ఉన్నది అని పాత అర్థమట. నీళ్ళతో సంబంధం లేదు. పదిహేనేళ్ళ కిందట ట్రైనింగులో ఒక భాషా పండితుడు చెప్పాడు. ఆ మధ్యాహ్నం నాకు తిండి సయించలేదు. ఎందుకో గుర్తులేదు.

నీళ్ళతో సంబంధం లేదు అని చిత్తుప్రతిలో మూడుసార్లు రాశాను. రెండు కొట్టేయాలి.

ఈయన టీ పట్టుకొచ్చి భుజం మీంచి తొంగిచూశారు. "ఒక్క మాట గురించి పదహారు రోజులా? ఆ టైములో నేను పిల్లలకి త్రికోణమితి మొత్తం చెప్పేసేవాణ్ణి" అన్నారు. లెక్కల మాస్టారు రిటైరయ్యాక ఇంట్లో నేనొక్కదాన్నే క్లాసు. వాళ్ళలో ఎంతమంది పాసయ్యారో అడగమంటారా అన్నాను. కప్పు అక్కడ పెట్టి వెళ్ళిపోయారు. ఆయన తప్పేం లేదు పాపం. ఈ మధ్య ఎవరు మాట్లాడినా నాకు ఒళ్ళు మండుతోంది.

మే 8, శుక్రవారం

ఆబాద్ తరఫు లాయరమ్మాయి ఆఫీసుకొచ్చింది. నా కూతురి వయసుంటుంది, నాకు కూతురుంటే. ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతుంది.

"మా వాళ్ళు వచ్చేసరికి అక్కడ నరమానవుడు లేడు మేడమ్. అది దాచం. కానీ అంతకుముందు ఊరుంది, ఏ కరువుకో ఖాళీ అయింది, వీళ్ళొచ్చి మళ్ళీ నిలబెట్టారు. మనుషులు మారినా ఊరు ఊరేనని రూల్లోనే ఉంది. పేరు పాతదని మీరొక్క ముక్క రాస్తే చాలు."

చూద్దామమ్మా అన్నాను.

"మీరు చూస్తే అయిపోయినట్టే" అంది. ఎంత నమ్మకమో. ఆ అమ్మాయి వెళ్ళాక అరగంట బాత్రూములో నిలబడ్డాను.

మే 9

రాస్తాను. ఇది ఎవరూ చదవరు కదా.

ఆ ఊరు నేనే వేశాను.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. డ్రాయింగ్ హాల్లో చేరి ఏడు నెలలు. షీటులో నాలుగు వేళ్ళ వెడల్పు కంటే ఎక్కువ ఖాళీ కనిపిస్తే ఇన్‌స్పెక్టరు ఎర్ర సిరాతో 'అసంపూర్తి' అని రాసి వెనక్కి కొట్టేవాడు. అక్కడ నిజంగానే ఏమీ లేకపోయినా సరే. వెనక్కొస్తే సర్వేవాళ్ళు మళ్ళీ వెళ్ళాలి, మూడు నెలలు హుష్‌కాకి. అందుకని హాల్లో ఒక అలవాటుండేది. ఖాళీ నింపడం అనేవాళ్ళు. ఒక చుక్క, దాని పక్కన ఒక పేరు, పేరు చివర ఆబాద్. చుట్టుపక్కల సగం ఊళ్ళు ఆబాద్‌లే కాబట్టి ఇంకొకటి కలిస్తే ఎవరికీ అనుమానం రాదు. తర్వాతి ముద్రణలో తీసేసేవాళ్ళు. ఆ షీటుకి తర్వాతి ముద్రణ రాలేదు.

మా హెడ్‌ని అందరం గురువుగారు అనేవాళ్ళం. "నిన్ను ఇంట్లో ఏమని పిలుస్తారమ్మాయ్?" అని అడిగారు. చెప్పాను. "దానికో ఆబాద్ తగిలించెయ్" అన్నారు. హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. నా ముద్దుపేరు మ్యాపెక్కిందని ఇంటికెళ్ళి అమ్మతో గొప్పలు పోయాను కూడా. అమ్మ పోయింది, గురువుగారు పోయారు. ఇప్పుడు ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్ళెవరూ లేరు.

ఒక చుక్క, ఒక పేరు. అంతే వేశాను. దానివల్ల ఎవరికీ నష్టం జరగలేదు. ఆ మాటకొస్తే ఇప్పుడు లాభమే.

మే 11, సోమవారం

స్థల పరిశీలన తప్పదని డైరెక్టర్ గారు జీపు ఇచ్చి పంపారు. రైల్వే గేటు దగ్గర దిగిపోయి అక్కడి నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. పాత అలవాటు.

ఇరుకు వీధులే గానీ శుభ్రంగా ఉన్నాయి. ప్రతి తలుపు మీదా నీలిరంగు నంబరు. ప్రతి తలుపు పక్కనా మూతపెట్టిన నీళ్ళ డ్రమ్ము, మూత మీద బరువుకి ఒక రాయి. వారానికి మూడుసార్లు ట్యాంకరు వస్తుందట. ఎవర్నడిగినా ఆబాద్ అనే అంటున్నారు. ముందు సగం ఎవరికీ పట్టదు. హమ్మయ్య అనిపించింది.

ఒకచోట ఇద్దరు మురుగుకాలువ తవ్వుతూ నీటివాలు ఎటన్న దాని మీద వాదులాడుకుంటున్నారు. "అటు తవ్వితే ఇది ఇంకో మేస్త్రీ బావి అవుతుంది" అన్నాడొకడు. మేస్త్రీ బావి ఏమిటి నాయనా అని అడిగాను. గబుక్కున ఎదుటి కొట్టు వైపు చూసి, ఏం లేదమ్మా, వేస్టు పనిని ఇక్కడ అలా అంటాం అన్నాడు గొంతు తగ్గించి.

ఆ కొట్టు ఊళ్ళో అందరూ తాళాలక్క అని పిలిచే ఆవిడది. తలుపంత వెడల్పు, అంతే. గోడ నిండా మేకులు, మేకులకి తాళంచెవులు. అరవై దాటిన మనిషి, నా కంటే పదేళ్ళు పెద్ద. ఒళ్ళో గుడ్డ పరుచుకుని ఆకురాయితో తాళంచెవి అరగదీస్తోంది. అందరికంటే ముందొచ్చిన పెద్దవాళ్ళలో మిగిలింది తనేనట. కూర్చోమని స్టూలు జరిపింది.

"మేం క్వారీలో రాళ్ళు కొట్టేవాళ్ళం మేడమ్. అది మూతపడింది. నలభై మందిమి, చదువొచ్చింది మా ఆయనొక్కడికే. మేస్త్రీ. క్వారీ ఆఫీసు గోడ మీద మ్యాపుంటే పల్చటి కాగితం మీద దించుకున్నాడు. ఇదిగో ఊరు, ఇదిగో బావి, ఊరుంటే పని దొరుకుతుంది, బావి ఉంటే బతుకుతాం అన్నాడు. మూడు రోజులు నడిచాం. వచ్చి చూస్తే ఏముందీ, ముళ్ళకంపలు."

నేను పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఒక్క అక్షరం రాయలేదు.

"బావి పూడిపోయి ఉంటుంది, తవ్వుదాం అన్నాడు. పదకొండు రోజులు తవ్వాడు. ముప్ఫై అడుగులు. ఎక్కడా కట్టుడు రాయి లేదు, మెత్తమట్టి లేదు, అంతా గట్టి నేల. ఆఖరి రోజు పొద్దున నేను నోటికొచ్చినట్టు తిట్టాను. నీకు మ్యాపు చదవడం రాదు, చదువొచ్చినట్టు పోజు కొట్టి నలభై మందిని చంపడానికి తీసుకొచ్చావు అన్నాను. పిల్లలు వింటున్నారు. ఒక్క మాట అనకుండా దిగాడు. మధ్యాహ్నానికి గోడలు కూలాయి. పైకి తీయలేకపోయాం. అలాగే పూడ్చేశాం."

కాలితో నేల మీద నెమ్మదిగా తట్టింది.

"ఈ కొట్టు కిందే. అందుకే మేమెవరం ఇక్కణ్ణుంచి కదల్లేదు. తర్వాత రైలు పట్టాల పని దొరికింది, జనం వచ్చి చేరారు. ఊళ్ళోవాళ్ళు మేస్త్రీ బావి అని నవ్వుకుంటారు. పెద్దోడు పట్టించుకోడు. చిన్నోడికి మాత్రం ఆ మాట వింటే కోపం ఆగదు, కొట్లాటే. మా నాన్నకి చదవడం వచ్చు అంటాడు. వాడికప్పుడు నాలుగేళ్ళు."

కొట్టు వెనక నుంచి రేకు డబ్బా తెచ్చి అందులోంచి ఒక కాగితం తీసింది. మడతల దగ్గర చిరిగిపోయింది.

"మీది మ్యాపులాఫీసు కదా. ఇళ్ళ సంగతి లాయరమ్మ చూసుకుంటుంది. నాకొక్కటి చెప్పండి. అసలు బావి ఏ వైపుంది? ఆయన ఎంత దూరంలో తప్పాడు?"

ఆఫీసులో చూసి చెప్తానన్నాను.

మే 12

బావి గుర్తు కూడా వేశాను.

మే 12, మళ్ళీ

అసలు షీటు తీయించి నిన్నటి అడుగుల లెక్కతో సూది మొన పెట్టి చూశాను. బావి గుర్తు సరిగ్గా ఆ కొట్టు మీద పడింది. ఆయన తప్పలేదు. వెంట్రుకవాసి కూడా తప్పలేదు.

గురువుగారు నన్ను బావి వేయమనలేదు. చుక్క, పేరు, అంతవరకే ఆయన చెప్పింది. బావి నా సొంత తెలివి. కరదీపికలో ఆబ్ అంటే నీళ్ళని చదివాను కదా, నీళ్ళు లేని ఆబాద్ ఏమిటి, ఇన్‌స్పెక్టరు తెలివైనవాడైతే పట్టుకుంటాడు అనుకున్నాను. చిన్న గుండ్రం, దాని మధ్యలో బొట్టు. గురువుగారు చూసి "పిల్లకి బుర్రుంది" అన్నారు. ఆ మెప్పు ముప్ఫై రెండేళ్ళుగా గుర్తుంది. దేనికి మెచ్చుకున్నారో అది మాత్రం హాయిగా మర్చిపోయాను.

మర్చిపోలేదు. ఎవరి కోసం రాస్తున్నాను ఈ అబద్ధం.

మే 13, బుధవారం

నిజం రాస్తే నా ఉద్యోగం, పెన్షను పోతాయి. పోనీ. కానీ నూట పన్నెండు ఇళ్ళూ పోతాయి, ఆ సంతోషం గిడ్డంగుల వాళ్ళకి. అబద్ధం రాస్తే ఇళ్ళుంటాయి, నేనుంటాను, చనిపోయినాయన ఒక్కడే మ్యాపు చదవడం రానివాడుగా మిగిలిపోతాడు. ఇంత చిన్న లెక్క మాస్టారి భార్యకి తేలదా. తేలింది. తేలినా రిపోర్టు మొదటి వాక్యం దాటలేదు.

ఇంకో ముక్క తట్టింది. ఖాళీ నేలకి ముందే పేరు పెట్టి, రండి, సాగు చేసుకోండి అని జనాన్ని పిలిచిన ఆబాద్‌లు చాలా ఉన్నాయి. పేరు ముందు, జనం తర్వాత. ఆ లెక్కన నాదీ ఆబాదే. ఇది రాసుకుని గంటసేపు గాల్లో తేలాను. ఆ తర్వాత గుర్తొచ్చింది, వాళ్ళు జనాన్ని పిలిచి కాలువలు తవ్వించారు. నేను పిలిచి ఇంటికెళ్ళిపోయాను.

మే 14

రిపోర్టు అయిపోయింది. తొమ్మిది పేజీలు. నేను రాసిన వాటిల్లో ఇదే బాగుంది, సిగ్గులేకుండా చెప్తున్నాను. ఈయన చదివి పదికి తొమ్మిదిన్నర వేశారు.

"అర మార్కు ఎందుకు తగ్గిందంటే, బావి గురించి 'ఉండి ఉండవచ్చు' అని గోడ మీద పిల్లిలా రాశావు. ఉందో లేదో తేల్చాలి కదా" అన్నారు.

గట్టిగా అరిచాను. ముప్ఫై ఏళ్ళ కాపురంలో అంత గొంతు ఎప్పుడూ పెట్టలేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. సారీ చెప్పాలి. రేపు చెప్తాను.

మే 15

చెప్పలేదు. సంతకమూ పెట్టలేదు.

మే 16, శనివారం

తాళంచెవికి జోడు చేయించాలని ఈయనతో చెప్పి ఆబాద్ వెళ్ళాను. ఆవిడకి తెలియాలి, అది ఆవిడ హక్కు. అందుకే వెళ్ళాను.

కొట్లో ఒక్కతే ఉంది. స్టూలు మీద కూర్చోకుండానే చెప్పేశాను.

"అక్కా, ఇక్కడ బావి లేదు. ఎప్పుడూ లేదు. ఊరూ లేదు. చిన్నతనంలో నేనే మ్యాపులో కల్పించి వేశాను. మీ ఆయన సరిగ్గా గుర్తున్న చోటే తవ్వాడు. కొలిచి చూశాను."

ఆకురాయి ఆగింది.

"సరిగ్గా చదివాడా?"

"సరిగ్గా చదివాడు."

తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. మళ్ళీ ఆకురాయి తీసుకుని చేతిలో తాళంచెవి మొత్తం అరగదీసింది. చివరికది దేనికీ పనికిరాకుండా సన్నగా అయిపోయింది.

"ఇది నాకెందుకు చెప్పావు?" అంది. మీరు పోయి నువ్వు వచ్చింది.

"మీకు తెలియాలని."

"నాకు తెలియాలనా, నీకు నిద్ర పట్టాలనా?"

స్టూలు జరుపుకుని కూర్చున్నాను.

"ఇది బయటికొస్తే ఇళ్ళు పోతాయా?"

"పోతాయి."

"నీ కాగితంలో ఏం రాశావు?"

"ఊరు పాతదని రాశాను. బావి ఉండి ఉండవచ్చని."

"సంతకం పెట్టావా?"

"ఇంకా లేదు."

"పెట్టు."

"మరి మీ ఆయన మీద మాట..."

"మా ఆయన సంగతి నేను చూసుకుంటాను. నా కొడుకుల చెవిన మాత్రం పడనీయకు. చిన్నోడికి తెలిసిందా, సాయంత్రంలోగా ఊరంతా చాటేస్తాడు, మా నాన్న తప్పు చదవలేదని. ఇక వెళ్ళు. ఇంకెప్పుడూ రాకు."

బయటికొచ్చాక చూసుకుంటే జోడు చేయించాల్సిన తాళంచెవి నా చేతిలోనే ఉంది. సోమవారం సంతకం పెడతాను.

మే 18

పెట్టాను.

మే 20, బుధవారం

విచారణ హాలు చిన్నది, ఫ్యాన్లు రెండే. ఆబాద్ వాళ్ళు గోడల వెంబడి నిలబడ్డారు. ముందు నన్ను పిలిచారు. ఆబాద్ మాట గురించి ఇరవై నిమిషాలు చెప్పాను, విచారణాధికారి శ్రద్ధగా రాసుకున్నారు. ఆ తర్వాత గిడ్డంగుల వాళ్ళ లాయరు లేచాడు. చాలా మర్యాదస్తుడు.

"మేడమ్, మీ మ్యాపులో బావి ఉంది. వీళ్ళు వచ్చిన కొత్తలో ఆ బావి కోసం ముప్ఫై అడుగులు తవ్వారని విన్నాం. గట్టి నేల తప్ప ఏమీ తగల్లేదట. గుర్తున్న చోట తవ్వితే బావి లేదంటే, మ్యాపు అబద్ధం. బావి అబద్ధమైతే ఊరు మాత్రం నిజమా?"

వేల మ్యాపుల్లో ఎక్కడే పొరపాటుందో చెప్పగలిగిన మనిషిని, ఏమీ చెప్పలేకపోయాను. లాయరమ్మాయి మొహం పాలిపోయింది. చెప్పేద్దామనే నోరు తెరిచాను. లేక మంచినీళ్ళు అడుగుదామనో. ఇప్పుడు ఎంత ఆలోచించినా తెలియడం లేదు.

"తవ్వింది మా ఆయనండీ. నన్నడగండి" అంది తాళాలక్క వెనక నుంచి.

విచారణాధికారి ముందుకు రమ్మన్నారు. ఇద్దరు కొడుకులూ ఆవిడని చెరో వైపూ పట్టుకుని తీసుకొచ్చారు. చిన్నవాడు అచ్చం తల్లి పోలికే.

"మీ ఆయన మ్యాపు చూసే తవ్వాడు కదమ్మా?" అన్నాడు లాయరు.

"చూశాడండీ. చూస్తే ఏం లాభం, చదవడం వస్తే కదా. నాలుగు అక్షరాలు ముక్కున పట్టుకుని అన్నీ వచ్చినట్టు నటించేవాడు. ఆయనకి దిక్కులు కూడా తెలిసేవి కావు. బావి ఎక్కడో ఉంటే ఆయన ఇంకెక్కడో తవ్వాడు. నేను అప్పుడే చెప్పాను, వినలేదు. ఊళ్ళో ఎవర్నైనా అడగండి, పనికిమాలిన పనిని మేస్త్రీ బావి అంటారు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఇంకొందరు. విచారణాధికారి కూడా నవ్వు ఆపుకుంటూ రాసుకున్నారు. చిన్నకొడుకు తల్లి మోచేయి వదిలేశాడు. ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసి, జనాన్ని తోసుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. ఆవిడ తిరిగి చూడలేదు. నా వైపూ చూడలేదు. లాయరు ఇంకేదో అడిగాడు, దానికీ అదే జవాబు, ఆయనకి చదవడం రాదండీ అని.

నేను కూర్చునే ఉన్నాను.

మే 21

ఈయనకి సారీ చెప్పాను. దేనికని అడిగారు.

మే 27, బుధవారం

తీర్పు వచ్చింది. ఆబాద్ పాత ఊరే. నూట పన్నెండు ఇళ్ళూ ఉంటాయి. నా రిపోర్టులోంచి రెండు పేరాలు తీర్పులో ఉన్నవి ఉన్నట్టు ఎక్కించారు. దాన్ని కొత్తవాళ్ళ ట్రైనింగులో నమూనాగా వాడదామని డైరెక్టర్ గారు అన్నారు. ఆఫీసులో అందరికీ స్వీట్లు పంచారు.

సాయంత్రం లాయరమ్మాయి ఫోన్ చేసింది. ఆనందం పట్టలేకపోతోంది. ఊళ్ళో అందరూ మీ పేరే తలుచుకుంటున్నారు మేడమ్, ఒకసారి రావాలి అంది. చూద్దామన్నాను. తాళాలక్క ఎలా ఉందని అడిగాను.

"కొట్లోనే ఉంటోంది మేడమ్. చిన్నకొడుకు ఆ రోజు నుంచి మాట్లాడటం లేదు, పెళ్ళాం పిల్లల్ని తీసుకుని పట్టాలకి ఇవతల వేరే గది చూసుకున్నాడు. చచ్చిపోయినాయన్ని పట్టుకుని అందరి ముందూ అంత మాట అంటుందా చెప్పండి. పాపం ఆయన. మరీ అంత అనక్కర్లేదు కదా?"

"అవునమ్మా" అన్నాను. "మరీ అంత అనక్కర్లేదు."